బాగుచేసిన మర్నాటి పద్దు

(స్మారకోపన్యాస పాఠం)

 ఎవరి జ్ఞాపకార్థం ఈ సాయంత్రం ఇక్కడ చేరామో ఆ ఇంజనీరుగారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఊళ్ళలో మాత్రం వారిని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ‘ఏఈ సారు’ అనేవాళ్ళు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు సారని. పదోన్నతులు వచ్చినా, ఉద్యోగ విరమణ చేసినా ఆయన ఏఈ సారుగానే మిగిలారు. నేనూ ఇవాళ అలాగే అంటాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఊరి బాగుకూ పర్యావరణానికీ రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే గ్రాంట్లు. శ్మశానం ప్రహరీ దగ్గర్నుంచి వీధి దీపాల దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. అన్నిటి జోలికీ పోను. ఏఈ సారు ఉద్యోగమంతా చిన్ననీటి వనరుల్లోనే గడిచింది కాబట్టి నేనూ చెరువు కట్ట దిగకుండానే మాట్లాడతాను. చెప్పదలచుకున్నది ఒకటే. పని చేయించడానికి డబ్బివ్వడం మన ప్రభుత్వాలకు బాగా తెలుసు. చేసిన పని నిలబడటానికి ఏటేటా కొంత ఇవ్వాలన్నది మాత్రం ఇప్పటికీ సరిగా పద్దుల్లోకి ఎక్కలేదు. అందువల్ల ఒకే చెరువు మీద కొన్నేళ్ళకోసారి కొత్త పథకం పేరుతో పెద్ద మొత్తం పోస్తున్నాం, మధ్యలో ఏళ్ళతరబడి దాన్ని గాలికి వదిలేస్తున్నాం.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి పాలిస్తున్న రోజుల్లో ఆ చెరువు కట్టించి అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. రోజుకు 1,000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ అందులో ఉన్నాయి. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలనేది అంగాల్లో ఒకటి. కట్టలోంచి నీరు ఊరడం దోషం, నేల చవుడు కావడం దోషం, నీటికి మించి పొలం ఉన్నా పొలానికి మించి నీరున్నా దోషమే. ఏఈ సారుకు బాగా పట్టినది ఇంకొకటి: చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కట్ట ఒక జిల్లాలో, ఆయకట్టు మరో జిల్లాలో పడిన ఊళ్ళ రైతులకు ఆ దోషం సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఫైలు పట్టుకుని రెండు కలెక్టరేట్ల చుట్టూ తిరుగుతున్నది వాళ్ళే.

పోరుమామిళ్ళ చెరువు ఆరున్నర శతాబ్దాల తర్వాత కూడా నిలిచి ఉంది. కంభం చెరువుతో పాటు దానికి 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ఇన్నేళ్ళు నిలవడానికి రాయి ఒక్కటే కారణం కాదు. రాయలసీమలో దశబంధం ఇనాములని ఉండేవి. చెరువు తవ్వించినవాళ్ళకో, మరమ్మతు చూసేవాళ్ళకో ఆయకట్టులో కొంత భూమి వదిలిపెట్టేవారు. దాని శిస్తు మాఫీ. షరతు ఒక్కటే, చెరువు బాగుండాలి. కట్టకు గండి పడి నీళ్ళు పోతే ఇనాందారు పొలం కూడా ఎండేది. బ్రిటిష్ వాళ్ళు వచ్చాక కూడా మరమ్మతు చేయని ఇనాం వెనక్కి తీసుకునే నిబంధన ఉండేది. గ్రాంటంటే మనకిప్పుడు పని పూర్తికాగానే ముగిసిపోయేది. దశబంధమూ గ్రాంటే, కాని అది పని పూర్తయిన రోజున మొదలయ్యేది.

ఇలా అన్నంత మాత్రాన పాత రోజులు బంగారమని నేను అనడం లేదని దయచేసి గమనించాలి. తూము ఎత్తిదించేవాళ్ళు, నీళ్ళు పారించేవాళ్ళు, తెలంగాణలో నీరటివాళ్ళు, సీమలో నీరుగంట్లు, ఎక్కువమంది అణగారిన కులాలవాళ్ళు. అర్ధరాత్రి వానలో కట్ట మీదికి వెళ్ళాల్సింది వాళ్ళు, పంట ఇంటికొచ్చాక కల్లంలో నిలబడి మేర అడుక్కోవాల్సిందీ వాళ్ళే. ఆ కొలువు తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది, వద్దనే వీలు లేకుండా వచ్చేది. కట్ట మట్టి వేయడానికి ఇంటికో మనిషిని పిలిచినప్పుడు వచ్చేది ఎవరి ఇళ్ళ నుంచో కూడా మనకు తెలుసు. ఇనాముల రద్దు చట్టాలు 1950లలో వచ్చాయి, వంశపారంపర్య గ్రామోద్యోగాలు 1980లలో పోయాయి. పోవలసినవే పోయాయి. అయితే ఆ ఉద్యోగాలతో పాటు ఆ పనీ పోయింది. పెత్తనం పోగొట్టిన ప్రభుత్వం పనిని తన జీతాల పట్టీలోకి తీసుకోలేదు. అక్కడక్కడా లష్కర్లను పెట్టుకున్నా ఒక్కొక్కరికి చూడలేనన్ని తూములు అప్పజెప్పారు.

ఆ పని ఏమిటో కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఏఈ సారు చెరువు నిండినప్పుడు కట్ట మీద నడిచేవారు కాదు, కట్ట కింద నడిచేవారు. పొలాల వైపు, కట్ట పాదం వెంబడి, చెప్పులు విప్పి. కాలికి చెమ్మ తగిలితే ఆగి చూసేవారు. తేటనీరు ఊరుతుంటే గుర్తుపెట్టి రోజూ చూడమనేవారు. మట్టి కలిసిన నీరు వస్తుంటే కట్ట లోపలి నుంచి కరిగిపోతున్నట్టు లెక్క, అప్పుడు ఇసుక బస్తాల కోసం మనిషిని పరుగెత్తించేవారు. ఎండ్రకాయల బొరియలు, చీమల పుట్టలు, పందికొక్కుల కన్నాలు, వీటిని ఎండాకాలంలోనే తవ్వి బంకమన్నుతో దిమ్మిస కొట్టించాలి. ఇంకొకటి సర్కారు తుమ్మ. కట్ట మీద తుమ్మ చెట్టు పెరగనిస్తే, దాన్ని కొట్టేసిన తర్వాత లోపల వేరు కుళ్ళి సొరంగంలా దారి మిగులుతుంది. నీరు ఆ దారిన పోయి బుంగ పడుతుంది. మొక్కగా ఉన్నప్పుడే పీకెయ్యడం కూలీలకు కొద్దిరోజుల పని. చెట్టయ్యాక అది అంచనాలు వేసి టెండరు పిలవాల్సిన పని. తూము షట్టరుకు ఏడాదికోసారి గ్రీజు పూయకపోతే మర తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. రైతులు గడ్డి, గోనెసంచులు కుక్కి నీళ్ళు ఆపుకుంటారు, కావలసినప్పుడు గునపంతో పొడుస్తారు. రెండేళ్ళలో తూము గోడ పగులుతుంది. ఒక గ్రీజు డబ్బా, ఒక ఫిట్టరు పూట కూలి, ఇంతకు మించి ఖర్చు లేనిచోట చివరికి లక్షల పని తయారవుతుంది.

ఇప్పుడు మన కాలపు పెద్ద పథకానికి వస్తాను. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కతేల్చి ఏటా ఐదో వంతు చొప్పున బాగుచేయాలనుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది నీరు-చెట్టు పథకం వచ్చింది. నేను మిషన్ కాకతీయను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవాళ్ళలో ఒకణ్ణి. దశాబ్దాలుగా ఎవరూ పట్టించుకోని గొలుసుకట్టు చెరువులను ఒక ప్రభుత్వం తన మొదటి పనుల్లో ఒకటిగా పెట్టుకోవడం చిన్న విషయం కాదు. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, ఒండ్రు తోలుకునే ఖర్చు రైతుది అన్న ఏర్పాటు కూడా తెలివైనది. ట్రాక్టర్లు వరస కట్టి నల్లమట్టిని చెలకలకు మోశాయి. ఆ మట్టిలో సేంద్రియ పదార్థం ఉంటుంది, నీటిని పట్టి ఉంచే జిగట ఉంటుంది. ఎర్రచెలక రైతుకు అది ఎరువుల ఖర్చు తగ్గించే మాట.

కాని ఆ ఏర్పాటులోనే ఒక ఎగుడుదిగుడు ఉంది. చెరువుకు దగ్గర్లో పొలం ఉండి, ట్రాక్టరు కిరాయి పెట్టుకోగలిగినవాళ్ళ చేలకు మట్టి చేరింది. దూరంగా అరెకరం చెలక ఉన్న మనిషి వంతుకు చేరలేదు. అలాంటివాళ్ళ కోసం కిరాయిలో కొంత భాగం గ్రాంటులోనే కలిపి ఉంటే ఆ ఒండ్రు వాళ్ళ చేలకూ వెళ్ళేది.

అంతకంటే పెద్ద చిక్కు నెలలతో వస్తుంది. చెరువు నీళ్ళు యాసంగి పంటకు పారి మార్చి, ఏప్రిల్ నెలల్లో అడుగంటుతాయి. రోహిణి కార్తె ముగిసి మృగశిర వచ్చేలోపు, ఆ ఏడెనిమిది వారాల్లోనే పూడిక తీయాలి, తూము కట్టాలి, కట్ట మీద మట్టి పోసి గట్టిపరచాలి. ఖజానా ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. అంటే పని సీజను మొదలయ్యే వేళకే పద్దులు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటాయి. ఏప్రిల్‌లో కొత్త పద్దు కింద పాలనాపరమైన అనుమతి రావాలి, సాంకేతిక అనుమతి రావాలి, టెండరు, అగ్రిమెంటు. ఇవన్నీ అయ్యేసరికి తొలకరి పడుతుంది. చెరువులో నీళ్ళు చేరాక కొలతల పుస్తకంలో పూడిక ఎంత తీశారో రాయడమంటే ఏమిటో ఈ సభలో ఉన్న ఇంజనీర్లకు నేను చెప్పనవసరం లేదు. లేదా ఎవరూ ముట్టుకోకుండానే మార్చి ఆఖరుకు నిధులు మురిగిపోతాయి. ఏఈ సారు ఉద్యోగంలో ఉన్నంతకాలం చెరువు పనుల డబ్బు శివరాత్రి లోపు ఊరికి చేరాలని, ఆ డబ్బుకు మురిగిపోయే షరతు ఉండకూడదని పైకి రాస్తూనే ఉన్నారు. ఆ కాగితాల నకళ్ళు వారి ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

మన దగ్గర వేరే ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. సి.హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతన పనిచేసిన సంఘం సూచనల మీద 1995 నుంచి వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్. డబ్బు ఊరి సంఘం చేతికి. చేసిన పనుల్లో లబ్ధిదారుల నుంచి కొంత వాటా తీసుకుని, పథకం ముగిశాక నిర్వహణకు పనికొచ్చేలా ప్రత్యేక నిధిగా దాచాలి. మర్నాటి పద్దు గురించి ప్రభుత్వ కాగితం మీద అంత స్పష్టంగా ఆలోచించినది నాకు తెలిసి అదే. సిద్ధాంతం మంచిదే అయినా చాలా చోట్ల వాటాను కూలీల కూలిలో కోసుకున్నారు. సంఘాలు పథకంతో పాటే కనుమరుగయ్యాక ఆ నిధి బ్యాంకులో ఎవరి సంతకానికి కదులుతుందో తెలియకుండా పడి ఉంది.

1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఒకేసారి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశమంతా చూసిన ప్రయోగం అది. అయితే ఆయకట్టులో సేద్యం ఉన్నవాళ్ళకే అందులో ఓటు. చెరువులో చేపలు పెంచుకునే ముదిరాజ్‌లు, గంగపుత్రులు, రేవు మీద బతికే రజకులు, ఎండాకాలం గొర్రెలకు నీళ్ళు తాపుకునే గొల్లకురుమలు, చెరువు మట్టి మీద ఆధారపడిన కుమ్మరులు, వీళ్ళెవరికీ మాట లేదు. చేపలవాళ్ళకు చెరువులో కనీసం ఇంత లోతు నీరు మిగలాలి. పొలంవాళ్ళకు చివరి చుక్క దాకా కావాలి. ఆ తగాదాను తీర్చే చోటు సంఘంలో లేనప్పుడు అది రాత్రిపూట తూము దగ్గర తేలుతుంది.

అదే 1997 జనవరిలో, శ్రమదానంతో, ప్రజల వాటాతో ఊరి పనులు చేయించే జన్మభూమి కార్యక్రమం మొదలైంది. దానికి ప్రేరణ దక్షిణ కొరియా సేమౌల్ ఉద్యమం అని అప్పుడందరూ చెప్పుకున్నారు. కొరియా కథలో ఒక వివరం మీద కాస్త ఆగుతాను. 1970 చలికాలంలో అక్కడి ప్రభుత్వం 33,267 గ్రామాలకు ఒక్కోదానికి 335 బస్తాల సిమెంటు పంపింది. ఎవరింటికీ వాడుకోకూడదు, ఏం కట్టాలో ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి. మరుసటి ఏడు, బాగా చేసిన 16,600 గ్రామాలకు మాత్రమే 500 బస్తాల సిమెంటు, ఒక టన్ను ఇనుము ఇచ్చారు. అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ నియంతృత్వంలో జరిగిన పని అది, వెనక ఒత్తిడి ఉంది, మనకు అది ఆదర్శం కానక్కర్లేదు. అయినా గ్రాంటు చిన్నదిగా మొదలై, ఊరు నిలబెట్టుకున్నదాన్ని చూసి పెరిగిన తీరు మనం తీసుకోదగ్గది. మన శ్రమదానాల్లో తరచుగా ముందు వరసలో నిలిచింది కాంట్రాక్టరు. ప్రజల వాటాను ఆయనే కట్టేసి బిల్లులో రాబట్టుకున్నాడు. వెనకబడిన ఊరిని పూర్తిగా వదిలేసే పని కూడా మనం చేయకూడదు. చేయలేకపోయిన ఊరికి ఒక మనిషిని తోడిచ్చి, రెండో ఏడు మళ్ళీ అడగాలి.

2003 నుంచి కొన్నేళ్ళు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఏపీఫామ్స్ అనే పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగింది. అందులో రైతుకు సబ్సిడీ లేదు. బోరులో నీటి మట్టం కొలిచే టేపు, వానమాపకం, చదువుకునే పుస్తకం, ఇవే ఇచ్చారు. రైతులు, రైతు మహిళలు కొలతలు తీసి ఊళ్ళో గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పోతుంది అని లెక్క చూసుకున్నారు. ఆ లెక్కలు చూసి వరి తగ్గించుకుని తక్కువ నీటి పంటలకు మళ్ళినవాళ్ళున్నారు. తెలుసుకోవడానికి పెట్టిన డబ్బు కూడా పర్యావరణ గ్రాంటే అని ఆ గోడలు నాకు నేర్పాయి.

నిర్వహణకు డబ్బివ్వడం అసాధ్యమనే వాదన నిలవదు, ఎందుకంటే చెట్ల విషయంలో తెలంగాణ అది చేసి చూపించింది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నారు. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, నీళ్ళ ట్యాంకరు వచ్చాయి. మొక్క నాటినందుకు కాక, బతికించినందుకు లెక్క అడిగిన చట్టం అది. సర్పంచి మెడ మీద కత్తి పెట్టిన నిబంధనలు నాకు నచ్చవు, డబ్బు ఆలస్యమైనప్పుడు డీజిలు అప్పు చేసి తెచ్చిన సర్పంచులను నేను కలిశాను. ఆ కత్తి తీసేసి, ఆ పద్దును చెరువుకు కూడా పెట్టమంటున్నాను.

పంచాయతీల దగ్గర డబ్బు లేదా అని అడుగుతారు. రాజ్యాంగం 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. మూడోది చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యం. ఇరవైతొమ్మిదోది ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. కాగితం మీద బాధ్యత ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకు ముడిపెట్టింది. మిగతా 40 శాతం ఊరి ఇష్టం, కాని జీతాలకు వాడకూడదన్నారు. అంటే తూము చూసే మనిషికి నెలకింత అని ఇవ్వడానికి వీల్లేకపోయింది. ఉపాధి హామీ పథకం పూడిక తీతలకు ఎంతో పనికొచ్చింది, కాని అందులో కనీసం 60 శాతం కూలికే పోవాలన్న నియమం వల్ల షట్టరు మర బాగుచేసే ఫిట్టరు దాని మస్టరులో ఇమడలేదు. ఏ గ్రాంటుకు ఆ గ్రాంటు ఒక కారణంతో ఆ మనిషిని బయటే నిలబెట్టింది. వాటిని రూపొందించిన వాళ్ళెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ మనిషి వాళ్ళ కంటికి ఆనలేదు.

ఆనకపోతే ఏమవుతుందో వానలు చెబుతున్నాయి. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట నుంచి నీరు లీకవుతుంటే కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్, ఖమ్మం వైపు కురిసిన వానకు ఎన్నో చెరువులకు గండ్లు పడ్డాయి, కేసముద్రం దగ్గర రైలు పట్టాలు కింద మట్టి లేకుండా వేలాడాయి. అంత వానకు బాగా చూసుకున్న కట్టలు కూడా తెగవచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని అలుగు ముందు కంప అడ్డం పడి, మిగులు కాలువలో ఇళ్ళు లేచి, బొరియలు పూడ్చకుండా వదిలేసిన కట్ట అంతకంటే చిన్న వానకే పోతుంది. గండి పడ్డాక విడుదలయ్యే అత్యవసర నిధి మాత్రం ఎవరూ అడగకుండానే వస్తుంది.

నేను కోరేది ఇది. ప్రతి చెరువుకు ఆయకట్టు ఎకరాల లెక్కన ఏటా ఒక చిన్న మొత్తం, పంచాయతీ ఖాతాలో ప్రత్యేక పద్దుగా, శివరాత్రి లోపు. ఖర్చు కాకపోతే వచ్చే ఏటికి నిలవ. ఆ డబ్బులోంచి తూము, కట్ట చూసుకునే మనిషికి నెలసరి జీతం. ఏ కులమైనా, ఆడైనా మగైనా, గ్రామసభ ఎంచుకున్న మనిషి. నిర్ణయించే సంఘంలో ఆయకట్టు రైతులతో పాటు చేపలవాళ్ళు, రజకులు, కాపరులు, కూలీలు. లెక్కలు ఊరి నడుమ చదవాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి అప్పటి ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీ పెట్టి, మస్టరు రోలు పేరుపేరునా పైకి చదివించింది. తమ పేరు మీద ఎవరో కూలి తీసుకున్నారని ఊరి జనం అక్కడికక్కడే లేచి చెప్పారు. చెరువు పద్దుకు కూడా అదే పద్ధతి చాలు, కొత్తగా సాఫ్ట్‌వేరు అక్కర్లేదు.

ఇందుకు పెద్ద ప్రకటన ఏదీ ముందుగా అవసరం లేదు. ఈ జిల్లాలో 10 చెరువులతో, మూడేళ్ళ పాటు చేసి చూడమని అడుగుతున్నాను. ఐదు మిషన్ కాకతీయలో బాగైనవి, ఐదు కానివి. మూడేళ్ళ తర్వాత ఆ 10 చెరువుల కట్టలు, తూములు, చివరి మడికి చేరిన నీరు పక్క ఊళ్ళ చెరువులతో పోల్చి చూద్దాం. ప్రతిపాదన రాసి తెచ్చాను, ఏఈ సారు పాత కాగితాల్లోని ప్రతి మాటా అందులో పెట్టాను. వచ్చే బడ్జెట్‌కు శాఖల నుంచి అంచనాలు వెళ్ళేలోపు అది కలెక్టరుగారి బల్ల మీద ఉండాలి. ముందు వరసలో కూర్చున్న సర్పంచులు, నీటి సంఘాల పెద్దలు, మత్స్య సహకార సంఘాలవాళ్ళు సభ ముగిశాక కాసేపు ఆగి, దాన్ని చదివి, మార్చాల్సినవి మార్చి, సంతకం పెట్టి వెళ్ళాలని ప్రార్థిస్తున్నాను.